నా రూల్‌బుక్కులకి పీడీఎఫ్‌లు తెచ్చుకోడానికి పట్టిన నాలుగు నెలలు

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. ఇండియా వెళ్లిపోదాం అని గట్టిగా అనుకున్నాక ఇంట్లో సామాన్లు మొదటిసారి తూచింది ఆ రోజే. నాన్నకి ఒంట్లో బాగుండట్లేదు, ఇక్కడ డాలస్‌లో కూర్చుని రోజూ ఫోన్‌లో ఎలా ఉంది నాన్నా అని అడగటం ఇక నా వల్ల కాదని చెప్పేశా, మా ఆయన కూడా సరే అన్నారు. మే 24కి టికెట్లు. ముగ్గురం, మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. బాత్రూమ్‌లో ఉండే కాటా హాల్లోకి తెచ్చి నా రూల్‌బుక్కులన్నీ దొంతరలుగా పెట్టి తూస్తే 27 పుస్తకాలు 31 కిలోలు వచ్చాయి. అంటే ఒక పెట్టె నిండిపోయి రెండో పెట్టెలో కూడా ఎనిమిది కిలోలు. మా ఆయన ఏమీ అనలేదు, పిల్లాడి బట్టలు, పుస్తకాలు పక్కన పెట్టి ఉన్నాయి కదా, వాటి వైపు ఒకసారి ఈ దొంతరల వైపు ఒకసారి చూశారు అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇవి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ పుస్తకాలు, నలుగురైదుగురు కూర్చుని డైస్ వేసుకుంటూ కథ ఆడుకునే ఆటలవి. 2016లో నేను హెచ్4 మీద, అంటే భర్త వీసాని బట్టి భార్యకిచ్చే వీసా మీద వచ్చా, పని చేసే వీల్లేదు, కారు నడపటం రాదు, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గేమ్ షాపు ఉండేది. గురువారం రాత్రి ఏడింటికి అక్కడ టేబుళ్లు వేస్తారు. మొదట చూస్తూ కూర్చున్నా, తర్వాత ఆడా, మూడో ఏడు నుంచి నేనే గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తున్నా. పరాయి దేశంలో నాకంటూ నలుగురు మనుషులు దొరికింది ఆ టేబుల్ దగ్గరే. అందుకే ఆట ఆపేది లేదని ముందే అనుకున్నాం, నేను గుంటూరు నుంచి వీడియోలో నడిపిస్తా, వాళ్లు షాపులోనే కూర్చుని ఆడతారు. పుస్తకాలు మూడు మాత్రం నాతో తెచ్చుకుని మిగిలిన 24 వాళ్ల దగ్గర పెట్టాలి. నాకు గుంటూరులో చదువుకోడానికి 27కీ డిజిటల్ కాపీలు కావాలి. డబ్బులు పెట్టి కొన్న పుస్తకాలే కదా, పీడీఎఫ్ ఇవ్వటానికి వాళ్లకి ఏం పోతుంది, వారంలో అయిపోతుంది అనుకున్నా. నాలుగు నెలలు పట్టింది, ఇంకా ఒకటి మిగిలే ఉంది.

ముందు నాకు తెలియనిదేంటంటే పుస్తకం చేతిలో ఉండటం వేరు, దాన్ని కొన్నట్టు చూపించగలగటం వేరు. మొత్తం వ్యవహారమంతా రిసీట్ చుట్టూనే తిరిగింది. రిసీట్లు దాచే అలవాటు నాకుంది, ఒక బిస్కెట్ డబ్బాలో అన్నీ పెట్టా. ఫిబ్రవరి 11న ఆ డబ్బా తెరిస్తే షాపులో ఇచ్చిన రిసీట్లు సగానికి సగం తెల్ల కాగితాలు. ఆ థర్మల్ పేపర్ మీద అచ్చు రెండు మూడేళ్లకి వెలిసిపోతుందట. వాటిని లైటుకి అడ్డంగా పెట్టి వంచి చూస్తే కొన్నింటి మీద తేదీ లీలగా కనిపించింది, అంతకు మించి లేదు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు తీద్దామంటే వాటిలో షాపు పేరు, మొత్తం డబ్బు ఉంటాయి గానీ ఏ పుస్తకం కొన్నానో ఉండదు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మాత్రం ఈమెయిల్‌లో వెతికితే 2017 నాటివి కూడా దొరికాయి. ఎవరైనా ఈ రోజు పుస్తకం కొంటుంటే షాపు బయటికి రాకముందే ఆ రిసీట్‌ని పుస్తకం పక్కన పెట్టి ఒక ఫోటో తీసి పెట్టుకోండి, అంతే నేను చెప్పేది.

ఫిబ్రవరి 13, గురువారం, ఆటకి గంట ముందే షాపుకి వెళ్లా. బిట్స్ అండ్ మోర్టార్ అని ఒక ఏర్పాటు ఉంది, 2010 నుంచి నడుస్తోంది. మామూలు షాపులో ప్రింట్ పుస్తకం కొన్నవాళ్లకి పీడీఎఫ్ ఉచితంగా ఇవ్వటానికి కొంతమంది పబ్లిషర్లు ఒప్పుకున్నారు, ఖేయోసియమ్, ఈవిల్ హ్యాట్, పెల్‌గ్రేన్ లాంటి వాళ్లు అందులో ఉన్నారు. షాపు అందులో చేరి ఉండాలి, షాపువాళ్లే మనకి పంపాలి, మనం నేరుగా అడిగి తీసుకునేది కాదు. తొమ్మిదేళ్లుగా ఆ షాపుకి వెళ్తున్నా ఈ సంగతి నాకు తెలీదు, కౌంటర్ దగ్గర చిన్న స్టిక్కర్ ఉంది, ఎప్పుడూ చదవలేదు. ఆ షాపులో నేను కొన్నవాటిలో అలాంటి పబ్లిషర్లవి నాలుగున్నాయి. షాపాయన అరవై దాటిన మనిషి. నా దగ్గర రిసీట్లు వెలిసిపోయాయని చెప్తే కంప్యూటర్‌లో నా ఫోన్ నంబర్ కొట్టి చూశారు. 2019లో బిల్లింగ్ మెషిన్ మార్చారట, అంతకు ముందువి రావట్లేదు. ఆ తర్వాతవి రెండు దొరికాయి. మిగిలిన రెండు పుస్తకాలు, అందులో కాల్ ఆఫ్ కతూలూ అనే హారర్ ఆటకి గేమ్ మాస్టర్ చదివే కీపర్ రూల్‌బుక్ ఒకటి, నేను 2018లో కొన్నా, వాటికి రికార్డు లేదు. ఆయన ఆ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని వెనక అట్ట తిప్పి, మూల మీద ఉన్న ధర స్టిక్కర్ చూసి, ఇది నా షాపు స్టిక్కరే, నేనే అతికించా, నీకు బిల్లు కూడా నేనే వేశా, నాకు గుర్తుంది అన్నారు. గీరేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో ఆ స్టిక్కర్‌ని, జిగురు అంటుకుంటుందని వదిలేశా. అదే నాకు రిసీట్ అయింది.

నాలుగూ పంపుతానన్నారు. వారం పట్టింది, ఎందుకంటే ఆయన చాన్నాళ్లుగా ఆ సైట్‌లోకి వెళ్లక పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరి 20 సాయంత్రం నాలుగు మెయిళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఖర్చు సున్నా. ఆ రాత్రి ఆయనకి ఊరికే థాంక్యూ చెప్పి రాలేకపోయా, తర్వాతి గురువారం సున్నుండలు చేసి తీసుకెళ్లా.

మధ్యలో ఫిబ్రవరి 15న ఇంకో పని చేశా, అసలు ఇదే అందరూ ముందు చేయాల్సింది. పబ్లిషర్ సొంత సైట్‌లో కొన్న పుస్తకాలకి చాలాసార్లు పీడీఎఫ్ దాంతోపాటే వస్తుంది, మనం ప్రింట్ పార్సిల్ వచ్చిన సంతోషంలో దాన్ని పట్టించుకోం. ఖేయోసియమ్ సైట్‌లో ప్రింట్ కొంటే పీడీఎఫ్ ఉచితం, ముందు పీడీఎఫ్ కొనుక్కుని తర్వాత ప్రింట్ తీసుకున్నా ఆ పీడీఎఫ్ డబ్బు తగ్గిస్తారు. నేను అక్కడ కొన్న మూడింటికీ అకౌంట్‌లో ఫైళ్లు అలాగే ఉన్నాయి, ఒక్కసారి కూడా దించుకోలేదు. ఇంకా రెండు కిక్‌స్టార్టర్‌లో, అంటే పుస్తకం తయారవకముందే డబ్బు కట్టి మద్దతిచ్చే సైట్‌లో తీసుకున్నవి. ఇక్కడ చిక్కొచ్చింది. ఆ రెండింటికీ అప్పట్లో మా ఆయన పాత ఆఫీసు మెయిల్ ఇచ్చాం, ఆ ఉద్యోగం మారి నాలుగేళ్లయింది, ఆ మెయిల్ తెరుచుకోదు. ప్రాజెక్ట్ నడిపినవాళ్లకి మెసేజ్ పెట్టి, నా పేరు, పార్సిల్ వచ్చిన అడ్రస్, కార్డు చివరి నాలుగు అంకెలు చెప్పా. ఒకళ్లు మూడు రోజుల్లో, ఇంకొకళ్లు పద్దెనిమిది రోజులకి కొత్త మెయిల్‌కి లింకు పంపారు. అలా మార్చి మొదటివారానికి తొమ్మిది వచ్చేశాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆరుగురు పబ్లిషర్లకి మెయిళ్లు రాశా, ఒక్కొక్కళ్ల దగ్గర ఒక్కో పుస్తకం. ఇవి ఆన్‌లైన్ షాపుల్లోనో, వేరే ఊళ్లో గేమ్ కన్వెన్షన్‌లోనో కొన్నవి. మొదట రాసిన మెయిల్ పెద్దగా ఉంది, నాన్న గురించి, పెట్టెల బరువు గురించి అంతా రాశా, మళ్లీ చదివితే జాలి కోసం అడుగుతున్నట్టుంది, నాకు నచ్చలేదు. చెరిపేసి నాలుగు వాక్యాలు చేశా. ఫలానా పుస్తకం ఫలానా తేదీన ఫలానా చోట కొన్నాను, రిసీట్ ఫోటో, పుస్తకం ఫోటో జత చేశాను, దేశం మారుతున్నాను, పీడీఎఫ్ ఇచ్చే వీలుందా, ఉచితంగా కుదరకపోతే తగ్గింపు ధరకైనా సరే. అంతే. పుస్తకం ఫోటోలో పక్కన ఒక కాగితం మీద నా పేరు, ఆ రోజు తేదీ రాసి పెట్టా, వాళ్లు అడక్కముందే. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో కాదని వాళ్లకి తెలియాలి కదా.

మొదటి జవాబు మర్నాడు పొద్దున ఆరున్నరకే వచ్చింది. అది ఇద్దరు మనుషులు నడిపే చిన్న పబ్లిషర్. రిసీట్ అక్కర్లేదు, మా పుస్తకం ఇన్నేళ్లు ఆడినందుకు సంతోషం అని రాసి, ఇలాంటి ఆటల పీడీఎఫ్‌లు అమ్మే డ్రైవ్‌త్రూ ఆర్పీజీ సైట్‌లో ఉచిత కాపీ లింకు పెట్టారు. వంటింట్లో నిలబడి చదివా, పిల్లాడి లంచ్ బాక్సు కట్టటం ఆపేసి ఇంకోసారి చదివా. నేను దొంగని కానని నిరూపించుకోడానికి సిద్ధమై కూర్చున్నదాన్ని, వాళ్లు అసలు ఆ అనుమానమే పడలేదు. రెండోది ఫిబ్రవరి 27న, మూడోది మార్చి 6న వచ్చాయి, రెండూ ఉచితమే. ఐదో పబ్లిషర్ మార్చి 11న జవాబిచ్చారు, ఉచితంగా ఇవ్వటం మా పద్ధతి కాదు గానీ సగం ధరకి కూపన్ ఇస్తాం అన్నారు, 12 డాలర్లు కట్టి తీసుకున్నా. అది కూడా నాకు న్యాయంగానే అనిపించింది.

నాలుగో పబ్లిషర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వాళ్లు ఒక షరతు పెట్టారు. పుస్తకంలో కాపీరైట్ వివరాలుండే పేజీ మీద నా పేరు పెన్నుతో రాసి, చెరిగిపోని ఇంకుతో రాసి, ఫోటో తీసి పంపమన్నారు. ఒకే పుస్తకం పదిమంది చేతులు మారి పదిమందీ పీడీఎఫ్ అడక్కుండా అన్నమాట. కొత్తగా ఉన్న పుస్తకం మీద పెన్ను పెట్టాలంటే చెయ్యి రాలేదు. ఆ పుస్తకానికి నేను ప్లాస్టిక్ అట్ట కూడా వేశా. తర్వాత చిన్నప్పుడు స్కూలు పుస్తకాలు గుర్తొచ్చాయి, జూన్‌లో కొత్త పుస్తకాలకి నాన్న ఖాకీ అట్టలు వేసి, లోపల మొదటి పేజీలో ఆయన చేత్తో నా పేరు రాసేవారు, అప్పుడే అది నా పుస్తకం అయ్యేది. అలాగే కూర్చుని, అలాగే తెలుగులో, ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాసి ఫోటో పంపా. మూడు రోజులకి జవాబు, చాలా అందంగా ఉంది గానీ మేం చదవలేకపోతున్నాం, రిసీట్ మీద పేరుతో సరిచూసుకోవాలి, ఇంగ్లీషులో కూడా రాసి పంపగలరా అని. కింద ఇంగ్లీషులో రాశా. మళ్లీ చూస్తే రిసీట్ మీద మా ఆయన పేరుంది, కార్డు ఆయనది. ఇంకో మెయిల్, మా ఇద్దరి పేర్లూ ఉన్న కరెంటు బిల్లు, నంబర్లు కొట్టేసి పంపా. మార్చి 19న ఫైలు వచ్చింది. మొదటి మెయిల్‌కి, ఫైలుకి మధ్య 24 రోజులు. కానీ అటుపక్క రాసినావిడ ప్రతిసారీ ఓపిగ్గా రాసింది, చివర్లో ఆ లిపి ఏంటి అని అడిగింది, తెలుగు అని చెప్పా, మా అక్షరాల గురించి రెండు ముక్కలు రాశా.

ఆరో పబ్లిషర్ నుంచి ఏమీ లేదు. మార్చి 9న, ఏప్రిల్ 6న మళ్లీ రాశా. ఆటోమేటిక్ మెయిల్ తప్ప ఇంకేమీ రాలేదు.

ఇక డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఈ ఆటల్లో అన్నిటికంటే పేరున్నది. నా దగ్గర ఐదో ఎడిషన్ పుస్తకాలు ఐదున్నాయి, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, మాన్‌స్టర్ మాన్యువల్, డంజన్ మాస్టర్స్ గైడ్, రెండు అడ్వెంచర్ పుస్తకాలు, అంటే ఆడటానికి రాసి పెట్టిన కథలు. వీటికి అడగటానికే ఏమీ లేదు, ఐదో ఎడిషన్ ముఖ్య పుస్తకాలు అధికారికంగా పీడీఎఫ్‌గా అమ్మరు. వాళ్ల సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో విడిగా కొనుక్కోవాలి, అక్కడ కొన్నది సైట్‌లోనో యాప్‌లోనో చదువుకోవాలి, ఫైలుగా చేతికి రాదు. ప్రింట్ పుస్తకంలో కోడ్ లాంటిదేం ఉండదు. ఇప్పుడు ప్రింట్, డిజిటల్ కలిపి ఒకే ప్యాక్‌గా అమ్ముతున్నారు గానీ అది కొత్తగా కొనేవాళ్లకి. ఐదూ మళ్లీ కొనాలంటే మనసొప్పలేదు. అయితే వీటి మూల నియమాలు ఎస్సార్డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) పేరుతో 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, అది మామూలు పీడీఎఫ్, ఎవరైనా దించుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. ఈ పని మధ్యలోనే, ఏప్రిల్‌లో, కొత్త 2024 రూల్స్‌తో ఎస్సార్డీ 5.2 కూడా వచ్చింది. అందులో అన్ని సబ్‌క్లాసులూ (క్యారెక్టర్ రకాల్లో ఉపరకాలు), అన్ని మాన్‌స్టర్లూ ఉండవు, కానీ టేబుల్ దగ్గర గ్రాపుల్ (శత్రువుని ఒడిసి పట్టుకోవటం) ఎలా చేయాలి, మంత్రం మీద కాన్సంట్రేషన్ ఎప్పుడు పోతుంది లాంటివి చూసుకోడానికి నాకు సరిపోయింది. ఇప్పుడు నడుస్తున్న అడ్వెంచర్ ఒక్కటి మాత్రం డిజిటల్‌గా కొన్నా. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నేను మోసుకొచ్చిన మూడింటిలో ఒకటి.

పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటది రెండో ఎడిషన్ కోర్ రూల్‌బుక్ ఉంది, 640 పేజీలు, నా దొంతరలో అన్నిటికంటే బరువు అదే. దాని రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో అధికారికంగానే ఉచితంగా ఉన్నాయి, వెతుక్కోడానికి పుస్తకం కంటే అదే తేలిక. పీడీఎఫ్ కొనలేదు.

హాఫ్ ప్రైస్ బుక్స్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ పుస్తకాలు నాలుగు. వీటికి పబ్లిషర్‌ని అడగాలని కూడా నాకనిపించలేదు, నా డబ్బులో వాళ్లకి ఒక్క పైసా వెళ్లలేదు కదా. వాటిలో నాలుగో ఎడిషన్ డీ అండ్ డీ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒకటి, 2008ది. 2009 ఏప్రిల్‌లో డీ అండ్ డీ వేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ పైరసీ కారణం చెప్పి పీడీఎఫ్‌లన్నీ అమ్మకం ఆపేసింది, మళ్లీ 2013లో పాత ఎడిషన్లు అమ్మటం మొదలుపెట్టింది. అలా పాతవాటికి పీడీఎఫ్ దొరుకుతుంది, కొత్తవాటికి దొరకదు. మూడింటికి డ్రైవ్‌త్రూ ఆర్పీజీ, అలాంటిదే డీఎమ్స్ గిల్డ్ అనే ఇంకో సైట్‌లలో కలిపి 32 డాలర్లయింది. నాలుగోది ఎక్కడా లేదు.

ఒక్క చిన్న విషయం, డ్రైవ్‌త్రూలో తీసుకున్న ఫైళ్లలో చాలావాటికి ప్రతి పేజీ కింద మన పేరు, ఆర్డర్ నంబర్ పడుతుంది. మొదట చూసినప్పుడు కొంచెం ఉలిక్కిపడ్డా. అకౌంట్‌లో పేరు సరిగ్గా లేకపోతే ముందే సరిచేసుకోండి, మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో ఒక పుస్తకం మొత్తం అచ్చయి ఉంది.

మార్చి 15, 16 తేదీలు, శని ఆదివారాలు, స్కానింగ్. పబ్లిషర్ మూతపడిపోయిన చిన్న పుస్తకాలు రెండు, ఎక్కడా దొరకని ఆ సెకండ్ హ్యాండ్‌ది ఒకటి, మొత్తం మూడు. ఇవి అమ్మేవాళ్లే లేరు, అడగటానికి మనిషి లేడు. నా వాడకానికి తప్ప ఎవరికీ ఇవ్వనని, మా టేబుల్ వాళ్లకి కూడా పంపనని నాకు నేను అనుకునే చేశా. స్కానర్ షాపులో అడిగితే పుస్తకం వెన్ను కోసేస్తే మెషిన్‌లో గంటలో అయిపోతుందన్నారు, కోయటం అనే మాట వినగానే పుస్తకాలు సంచీలో పెట్టేసుకుని వచ్చేశా. ఇంట్లోనే డైనింగ్ టేబుల్ మీద నల్ల చున్నీ పరిచి, ఫోన్‌ని రెండు డబ్బాల మధ్య అడ్డంగా పెట్టిన స్కేలుకి కట్టి, మా అబ్బాయి పేజీలు తిప్పుతుంటే నేను నొక్కా. మూడూ కలిపి 412 పేజీలు. నిగనిగలాడే కాగితం మీద పై లైటు పడి మధ్యలో తెల్లగా మచ్చ వస్తుంది, మొదటి 90 పేజీలు అలా పాడైపోయాయి. లైట్లన్నీ ఆపి, కిటికీ పక్కకి టేబుల్ జరిపి, పగటి వెలుతురులో మళ్లీ తీస్తే బాగొచ్చాయి. రెండు రోజులు, సుమారు పదకొండు గంటలు. టెక్స్ట్ గుర్తుపట్టే యాప్ పేరాలు బాగానే చదివింది, పట్టికల్లో మాత్రం అంకెలు కలిపేసింది, డైస్ పట్టికలన్నీ చేత్తో సరిచేసుకున్నా. రెండో రోజు సాయంత్రానికి మా వాడు ఒక మాన్‌స్టర్ బొమ్మ దగ్గర ఆగిపోయి, అమ్మా ఇది ఎంత దెబ్బ కొడుతుంది అని అడిగాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు, ఇంతవరకూ నా పుస్తకాల వైపు చూడలేదు. ఆ రాత్రి వాడికి మొదటి క్యారెక్టర్ షీట్ రాయించా.

అన్నింటికంటే ఎక్కువ టైమ్ పట్టింది మాత్రం ఉచితంగా, తేలిగ్గా వచ్చిన కీపర్ రూల్‌బుక్‌కే. షాపాయన పంపిన పీడీఎఫ్ తెరిచి చూస్తే శుభ్రంగా, కొత్తగా ఉంది, మెరుస్తోంది. నా పుస్తకం అలా ఉండదు. 448 పేజీల్లో మార్జిన్ల నిండా పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్న ముక్కలు. ఆడేవాళ్లెవరూ చదవకూడదని, టేబుల్ మీద తెరిచి పెట్టినా అర్థం కాకూడదని తెలుగులో రాసేదాన్ని. శానిటీ పాయింట్లు (భయంతో క్యారెక్టర్ మతి ఎంత చెదిరిందో చెప్పే లెక్క) పోయే చోట, ఈ రూల్ గట్టిగా పట్టుకోకు, ఆ అబ్బాయి భయపడ్డాడు అని ఒకటి. వెంటాడే సీన్ల అధ్యాయంలో, పెద్దాయనకి మోకాలి నొప్పి, లేచి నటించమనకు అని ఇంకొకటి. మాతో ఆ టేబుల్ దగ్గర ఆడిన ఆ పెద్దాయన రెండేళ్ల క్రితం పోయారు. ఆయన వేసిన డైస్ లెక్కలు ఒక పేజీ అంచున ఆయన చేతిరాతలోనే ఉన్నాయి, 17, 43, 96, 96 చుట్టూ గట్టిగా సున్నా చుట్టి ఉంది, ఆ రోజు ఆయన క్యారెక్టర్ చచ్చిపోయింది.

ఇవన్నీ ఏ పబ్లిషర్ పంపగలడు. ఏప్రిల్‌లో రాత్రిళ్లు అన్నం తిన్నాక పుస్తకం ఒక పక్క, ట్యాబ్లెట్ ఒక పక్క పెట్టుకుని ఒక్కో ముక్క పీడీఎఫ్‌లో అదే చోట కామెంట్‌గా టైప్ చేశా. 61 ఉన్నాయి. నాలుగు రాత్రులు. పెద్దాయన అంకెలున్న పేజీ మాత్రం టైప్ చేయలేదు, దాన్ని ఫోటో తీసి ఆ పేజీ తర్వాత అలాగే చేర్చా. ఆ పుస్తకం నాతో తెచ్చుకోవాలా అని చాలా ఆలోచించా, కానీ ఆయన కూర్చున్న టేబుల్ అక్కడుంది, ఆయనతో ఆడిన వాళ్లు అక్కడున్నారు, అది అక్కడే ఉండాలనిపించింది.

మే రెండో వారంలో ఇంకో గండం. డౌన్‌లోడ్‌లన్నీ అయ్యాయి కదా అనుకుంటుంటే మా ఆయన అడిగారు, ఇండియా వెళ్లాక ఆ అకౌంట్లకి ఓటీపీ ఎక్కడికి వస్తుంది అని. అన్నీ అమెరికా ఫోన్ నంబర్‌కే. ఆ నంబర్ జూన్‌లో ఆపేస్తున్నాం. ఒక సాయంత్రం కూర్చుని ఏడు అకౌంట్లకి నంబర్ తీసేసి యాప్‌తో కోడ్ వచ్చేట్టు పెట్టుకున్నా. ఒకదానికి నంబర్ మార్చాలంటే పాత నంబర్‌కే కోడ్ పంపింది, ఇక్కడికి వచ్చాక చేసి ఉంటే ఇక అంతే సంగతులు. దేశం మారేవాళ్లు ఈ పని మాత్రం విమానం ఎక్కకముందే చేయండి. ఫైళ్లు కూడా ఒక్కోటి వంద, రెండు వందల ఎంబీ ఉన్నాయి, అన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో, ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నా, ఇండియా వెళ్లి దించుకుందాంలే అనుకోలేదు.

మొత్తం ఖర్చు 74 డాలర్లు, రూపాయల్లో ఆరు వేల పైచిలుకు. 12 ఆ సగం ధరది, 32 పాత పుస్తకాలవి, 30 డిజిటల్ అడ్వెంచర్‌ది. సున్నుండలు లెక్కలో లేవు.

మే 22 గురువారం చివరి ఆట. 24 పుస్తకాలు షాపు వెనక గదిలో ఒక అరలో సర్దారు, షాపాయన ఆ అర మీద ఎవరివో చీటీ అంటించారు. పీడీఎఫ్ నేను వాడుకుంటుంటే ప్రింట్ అమ్మేయటం సరికాదని ముందే అనుకున్నా, అందుకే ఎవరికీ ఇవ్వలేదు, అవి నావే, అక్కడ ఉన్నాయి అంతే. షాపులో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు.

జూన్ 6 శుక్రవారం పొద్దున అయిదున్నరకి, అక్కడ గురువారం రాత్రి ఏడు, గుంటూరులో మా మేడ మీద గదిలో మొదటి సెషన్. నాన్న కాఫీ తాగుతూ వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ట్యాబ్లెట్‌లో పేజీ తిప్పటం పుస్తకంలో తిప్పినంత వేగంగా రావట్లేదు, ఒకసారి రూల్ వెతకటానికి నిమిషం పట్టింది, అవతల ఒకతను నా పుస్తకమే తెరిచి పేజీ నంబర్ చెప్పాడు. ఆ కాగితం చప్పుడు స్పీకర్‌లో వినిపించింది.

మొన్న జూన్ 11న ఆరో పబ్లిషర్ నుంచి మెయిల్ వచ్చింది, మొదటిసారి రాసిన 108 రోజులకి. ఆలస్యానికి క్షమించమన్నారు, పీడీఎఫ్ ఇస్తామన్నారు, కాపీరైట్ పేజీ మీద పేరు రాసి ఫోటో పంపమన్నారు. పుస్తకం డాలస్‌లో ఉంది. మా టేబుల్ అతనికి మెసేజ్ పెట్టా, నా పేరు తెలుగులో ఎలా రాయాలో ఫోటో తీసి పంపా, కింద ఇంగ్లీషులో కూడా రాయమన్నా. గురువారం ఆటకి వెళ్లినప్పుడు రాసి పంపుతానన్నాడు, పెన్సిల్‌తో రెండుసార్లు రాసి చూసుకున్నాకే పెన్ను పెడతానన్నాడు.